మొక్కూ మైక్రోస్కోపూ

గత్తర భయంలోంచి ఒక గుడి పుట్టింది. దోమ కడుపులోంచి ఒక సత్యం బయటపడింది. రెండిటికీ ఊరు సికింద్రాబాదే.

సికింద్రాబాద్‌కే లష్కర్ అని ఇంకో పేరు. లష్కర్ బోనాల మర్నాడు, సోమవారం పొద్దున. జనరల్ బజార్ సందుల్లో నిన్న అమ్మవారికి పోసిన సాక నీళ్ల తడి ఇంకా ఆరలేదు. కాళ్లకింద నలిగిన వేపమండలు, చిరిగిన తొట్టెల రంగుకాగితాలు, రాత్రంతా మోగి మోగి అలిసిన మైకులు. ఇంతమంది జనం ఉన్నట్టుండి గప్‌చుప్ అయిపోతారు. ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం మొదలైంది. పచ్చికుండ మీద నిలబడిన ఆమె గొంతులో అమ్మవారే మాట్లాడుతుందని అక్కడున్నవాళ్ల నమ్మకం. వానలు పడతాయా, పంటలు పండుతాయా, రోగాలు వస్తాయా అని పూజారి అడుగుతాడు. ఆమె చెబుతుంది. అందులో సగం జోస్యం, సగం మందలింపు. నాకు చేసేవి సరిగ్గా చెయ్యట్లేదని కోప్పడుతుంది. అయినా మిమ్మల్ని నేనే కాపాడుకుంటానంటుంది. ఆ మాట చెవిన పడగానే ముందు వరసలో ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకుంటారు.

అదే పొద్దున, అక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, బేగంపేట పాత విమానాశ్రయం దగ్గరి వాతావరణ కేంద్రంలో ఇంకో రకం రంగం నడుస్తుంటుంది. ఉపగ్రహం పంపిన బొమ్మలు, రాడార్, గాలి ఒత్తిడి లెక్కలు. అక్కడా అడిగేది అదే, వాన పడుతుందా అని. మర్నాడు పేపర్లో రెండు జవాబులూ వస్తాయి.

రెండూ తప్పుతాయి, దాచుకునేదేముంది. కాకపోతే వాతావరణ శాఖ ఏప్రిల్‌లో రుతుపవనాల అంచనా చెప్పేటప్పుడే ‘అయిదు శాతం అటూ ఇటూ’ అని తన తప్పుకు తనే కొలత వేసి మరీ చెబుతుంది. అమ్మవారు అటూ ఇటూ అనదు. అనాలని ఎవరూ ఎదురుచూడరు కూడా. పచ్చికుండ ముందు చేతులు జోడించినవాళ్లు వాన లెక్క కోసం రాలేదు, ‘నేనున్నా’ అన్న ఒక్క మాట కోసం వచ్చారు. వాన లెక్క కావాలంటే వాళ్ల జేబులో ఫోన్ ఉంది.

సైన్సా, దేవుడా అని టీవీల్లో పెట్టే కొట్లాట నాకు బోనాల్లో పోతరాజు తిప్పే కొరడా లాగా కనిపిస్తుంది, చప్పుడే ఎక్కువ. బాగా బతకడానికి ఈ రెండింటిలో ఏది ఎంత పనికొస్తుందో తెలుసుకోవాలంటే, దేశంలో ఎక్కడెక్కడో వెతకాల్సిన పని లేదు. ఈ కంటోన్మెంట్ ఊళ్లోనే ఇద్దరు మనుషుల కథలున్నాయి. ఇద్దరూ పట్టాళం వాళ్లే. ఇద్దరూ బదిలీలు తిన్నవాళ్లే. ఇద్దరి కథా రోగంతోనే మొదలవుతుంది.

డోలీ మోసే మనిషి

మొదటివాడు సురిటి అప్పయ్య. ఇంగ్లిష్ పట్టాళంలో డోలీ బేరర్. గాయపడ్డవాళ్లనూ జబ్బుపడ్డవాళ్లనూ మోసుకొచ్చే పని. 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ ఏర్పడిన కొన్నేళ్లకే, 1813లో, అప్పయ్య పట్టాళాన్ని ఉజ్జయినికి పంపారు. అప్పుడే గత్తర వచ్చింది. కలరాకు మన దగ్గరి పేరు అదే. గత్తర ఉజ్జయినిలో వచ్చిందని కొందరు, ఇక్కడ జంటనగరాల్లో వచ్చిందని కొందరు చెబుతారు. ఏ కథలో చూసినా అప్పయ్య చేసింది ఒకటే. ఉజ్జయినిలో మహంకాళికి మొక్కుకున్నాడు: ఈ గండం గడిస్తే మా ఊళ్లో నీకు గుడి కడతానని. 1815లో తిరిగొచ్చి చెక్క విగ్రహం నిలిపాడు. 1864లో ఆ చోట రాతి విగ్రహం వచ్చింది. బావి బాగుచేస్తుంటే దొరికిందని చెప్పే మాణిక్యాలమ్మ విగ్రహం కూడా పక్కనే నిలిచింది. అప్పటి నుంచి ఆషాఢం వస్తే లష్కర్ కదలదు.

‘మూఢనమ్మకం’ అని ఈ కథను పక్కకు తోసేసేవాళ్లను నేనొకటి అడుగుతాను. 1813లో అప్పయ్య మొక్కుకోకుండా పట్టాళం డాక్టర్ దగ్గరికి వెళ్తే ఏం జరిగేది? ఆ రోజుల్లో గత్తరకు దొరల వైద్యం రక్తం తీయడం, పాదరసంతో చేసిన కాలోమెల్ ఇవ్వడం, నల్లమందు ఇవ్వడం. వాంతులతో, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయిన మనిషి నుంచి రక్తం కూడా తీసేవారు. మొక్కు ఎవరినీ బతికించకపోవచ్చు, చంపలేదు కూడా. ఆ వైద్యం గురించి ఆ మాట చెప్పలేం. గత్తర నీళ్ల ద్వారా వస్తుందని లండన్ బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గర జాన్ స్నో చూపించింది 1854లో. రాబర్ట్ కాక్ ఆ క్రిమిని కలకత్తా దాకా వచ్చి పట్టుకుంది 1884లో. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చాలు, మనిషి నిలబడతాడని దిలీప్ మహలనబిస్ శరణార్థి శిబిరంలో వేలమంది మీద రుజువు చేసింది 1971లో. అప్పయ్య మొక్కుకున్న నూట యాభై ఎనిమిదేళ్లకు! అంతదాకా మనుషులు ఏం పట్టుకుని బతకాలి?

అందుకే నాకు అప్పయ్య మొక్కుకోవడం కన్నా మొక్కు చెల్లించుకోవడం మీద గురి. భయంలో ఎవరైనా మొక్కుతారు. గండం గడిచాక, అడిగేవాడు లేని చోట, డోలీ మోసే జీతంలోంచి మిగిల్చి మాట నిలబెట్టుకోవడం వేరే సంగతి.

అణాకో దోమ

రెండోవాడి పేరు అందరికీ తెలుసు, పని మాత్రం కొందరికే తెలుసు. రొనాల్డ్ రాస్. 1857లో అల్మోడాలో పుట్టాడు. తండ్రి సైన్యంలో అధికారి. కొడుకుకు కవిత్వం, సంగీతం, లెక్కలు ఇష్టం. తండ్రి బలవంతం మీద వైద్యం చదివి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అతనికి ఒక ఊహ చెప్పాడు, మలేరియాను మోసేది దోమే కావచ్చునని. మలేరియా పరాన్నజీవిని 1880లోనే అల్జీరియాలో లావెరాన్ రక్తంలో చూశాడు. అది ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఎలా చేరుతుందో ఎవరికీ తెలియదు. ‘చెడ్డ గాలి’ అనే అర్థం వచ్చే ఇటాలియన్ మాటే మలేరియా. బురద గాలి పీలిస్తే వస్తుందని అప్పటి పెద్ద పెద్ద డాక్టర్ల నమ్మకం. నమ్మకం అన్న మాట కావాలనే వాడాను.

1895లో రాస్ సికింద్రాబాద్ వచ్చి 19వ మద్రాస్ పదాతిదళంలో చేరాడు. బేగంపేట పట్టాళం ఆసుపత్రిలో పని మొదలుపెట్టాడు. మొదట్లో అన్నీ తప్పులే. దోమ చచ్చిన నీళ్లు తాగితే మలేరియా వస్తుందని గురువు మాన్సన్ లెక్క. లచ్చుమన్ అనే మనిషిని ఒప్పించి రాస్ ఆ నీళ్లు తాగించాడు. అతనికి జ్వరం వచ్చి తగ్గింది, అది మలేరియానే అని రుజువు కాలేదు. ఇంకొందరి మీద చేసి చూస్తే అదీ లేదు. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ముందైనా ఆ పని నిలబడదు. పైగా రెండేళ్లపాటు రాస్ కోసి చూసింది తప్పు జాతి దోమల్ని. మధ్యలో బెంగళూరు బదిలీ, అదీ గత్తర పని మీదే! ఆ తర్వాత ఊటీ దగ్గర సిగూరు లోయలో దోమల కోసం తిరుగుతూ తనే మలేరియా తెచ్చుకున్నాడు.

1897 జూన్‌లో మళ్లీ సికింద్రాబాద్. ఆ ఏడు ఎండ ఎలా ఉందంటే నుదుటి చెమట పడి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. పంకా వేసుకుందామంటే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయి. ఆగస్టు మధ్యలో రెక్కల మీద మచ్చలున్న కొత్తరకం దోమలు దొరికాయి. అవి అనాఫిలిస్. 16వ తేదీన హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి వాటిని లోపలికి వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా కూలి. నాలుగు రోజులు ఆగి, ఆగస్టు 20న మిగిలిన దోమల్లో ఒకదాన్ని కోసి చూశాడు. దాని కడుపు గోడలో గుండ్రటి కణాలు, వాటిలో మలేరియా పరాన్నజీవిలో కనిపించే నల్లటి రంగు రేణువులు. మర్నాడు ఇంకో దోమ. అందులో కణాలు ఇంకా పెద్దవయ్యాయి, అంటే పెరుగుతున్నాయి. ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం అచ్చయింది.

ఈలోపే ప్రభుత్వం తన పని తాను చేసుకుపోయింది: సెప్టెంబరులో రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసింది. అక్కడ మలేరియా లేదు! 1898లో కలకత్తా చేరాక, మనిషి రోగులు దొరక్క, పక్షుల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల దాకా ఎలా వెళ్తుందో చూపించాడు. మనుషుల మలేరియాలో మొత్తం దారి చూపింది ఇటలీలో గ్రాసీ బృందం. ఎవరు ముందు అన్న తగువు వాళ్లిద్దరికీ జీవితాంతం తీరలేదు. శాస్త్రవేత్తలు వినయవంతులని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. 1902లో నోబెల్ రాస్‌కు వచ్చింది.

హుసేన్ ఖాన్‌కు ముట్టింది అణాలే. అప్పయ్య పేరు గుడి కథలో నిలిచింది, రాస్ పేరు బేగంపేట భవనం మీద నిలిచింది. దోమలకు చెయ్యి అప్పగించిన మనిషికి ఈ ఊళ్లో ఒక రాయి కూడా లేదు.

దేవుడికే ధన్యవాదం

పాఠాల్లో సాధారణంగా వదిలేసే సంగతి ఇంకోటుంది. పరాన్నజీవి దొరికాక రాస్ ఒక పద్యం రాశాడు. అందులో తన చేతికి ఈ రహస్యం అందించింది దేవుడే అంటాడు. గుళ్లో అయితే దీన్నే మొక్కు తీరడం అంటాం. దేవుడు ఇచ్చాడనుకున్నా సరే, ఇచ్చిందాన్ని మర్నాడు ఇంకో దోమను కోసి సరిచూసుకున్నాడు. నాకు నచ్చేది ఆ రెండో రోజే, ఆగస్టు 21. ఇరవయ్యో తారీఖు సంబరంలో ఆగిపోయి ఉంటే రాస్ కూడా ఒక కల కన్న మనిషిగానే మిగిలేవాడు.

మొక్కు అంటే కష్టం గడిచాక కూడా వదలని మాట. రుజువు అంటే ఎదురు సాక్ష్యం కనబడితే వదిలెయ్యాల్సిన మాట. బతుకులో ఈ రెండూ కావాలి. చిక్కంతా ఒకదాని చోట ఇంకోటి పెట్టినప్పుడే. పెళ్లాంబిడ్డలకిచ్చిన మాటను ‘కొత్త సాక్ష్యం వచ్చింది’ అని వదిలేసేవాడు ఎంత ప్రమాదమో, జ్వరానికి కారణం మా తాత చెప్పిందేనని మొక్కులా పట్టుకు వేలాడేవాడూ అంతే.

ఈ రెండో రకం జనం గుళ్లలోనే ఉంటారనుకుంటే పొరపాటు. రాస్ రావడానికి కొన్నేళ్ల ముందు ఇదే హైదరాబాద్ రాజ్యంలో రెసిడెన్సీ సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ కథ చూడండి. ఆపరేషన్‌కు మత్తిచ్చే క్లోరోఫాం కొందరిని బల్ల మీదే చంపేస్తున్న కాలమది. క్లోరోఫాం ఆపేది ముందు శ్వాసనే, గుండెను కాదు. శ్వాస చూసుకుంటూ ఇస్తే ప్రాణభయం లేదు అని ఎడిన్‌బరోలో లారీ గురువు సైమ్ నేర్పాడు. దాన్ని రుజువు చెయ్యడానికి 1888లో ఒక కమిషన్ వేశారు. లండన్ వాళ్లు ఒప్పుకోకపోతే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి లాన్సెట్ పత్రిక తరఫు నిపుణుడు లాడర్ బ్రంటన్‌ను ఇక్కడికి రప్పించాడు. 1889లో రెండో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్. వందల జంతువుల మీద ప్రయోగాలు, బోలెడన్ని గ్రాఫులు. ఆఖరికి గురువుగారి మాటే నిజమని తేల్చారు.

అది తప్పు. తక్కువ మోతాదు క్లోరోఫాం కూడా గుండె లయ తప్పించి చంపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపించాడు. అంటే మన హైదరాబాద్ కమిషన్, అన్ని లెక్కలుండి కూడా, గురుభక్తిని నెగ్గించింది. సైన్సు పేరు పెట్టుకున్నంత మాత్రాన నమ్మకం రుజువైపోదు. అయితే ఆ తప్పును పట్టుకుంది కూడా బయటి స్వామీజీ ఎవరూ కాదు, ఇంకో ప్రయోగశాల. తన ఇంట్లో దొంగను తనే పట్టించే అలవాటు సైన్సుకుంది. మతానికి ఆ అలవాటు తక్కువ, అలవాటు చెయ్యబోయినవాళ్లు చాలామంది చావుదెబ్బలు తిన్నారు.

వేపాకులో సైన్సు వెతక్కండి

బోనాల సీజన్లో వాట్సాప్‌లో ఏటా ఒక సందేశం తిరుగుతుంది. వేపాకులు క్రిమిసంహారిణి, పసుపు యాంటీసెప్టిక్, మన పెద్దలు సైన్సు తెలిసే ఈ పండగ పెట్టారు అని. ఆషాఢంలో వానలు, వానల్లో రోగాలు, అందుకే వీధులకు పసుపునీళ్లు. వినడానికి బాగుంటుంది. నాకు మాత్రం ఇది రెండు రకాలుగానూ అవమానంగా అనిపిస్తుంది. సైన్సుకు అవమానం, ఎందుకంటే సాకలో వేసిన నాలుగు వేపాకులు గత్తర క్రిమిని చంపుతాయని ఎవరూ చూపించలేదు. బోనమెత్తిన ఆడబిడ్డకూ అవమానమే. ఆమె క్రిముల్ని చంపడానికి నడవట్లేదు. అన్నం, పాలు, బెల్లం వండి, కుండ మీద దీపం పెట్టుకుని, తన ఇంటి అన్నాన్ని తల్లితో పంచుకోవడానికి నడుస్తోంది. ఆ పనికి ల్యాబ్ సర్టిఫికెట్ ఎందుకు? ప్రేమతో పెట్టిన అన్నానికి క్యాలరీల లెక్క చెప్పి గౌరవం తేవాలనుకోవడం లాంటిది ఇది.

నమ్మకం మందు వేషం కట్టిన చోట మాత్రం లెక్క అడగాల్సిందే. మృగశిర కార్తె రోజున హైదరాబాద్‌లో బత్తిని వంశస్థులు కొర్రమీను పిల్ల నోట్లో పసుపురంగు ముద్ద పెట్టి ఉబ్బసం రోగులతో మింగిస్తారు. దాన్ని ఏళ్ల తరబడి ‘చేప మందు’ అన్నారు. అందులో ఏముందో, ఎంతమందికి తగ్గిందో చెప్పమని జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాలు నిలదీశాయి, కోర్టుల దాకా వెళ్లాయి. మెల్లగా ‘మందు’ పోయి ‘ప్రసాదం’ వచ్చింది. పేరు మారిందంతేగా అని నవ్వేవాళ్లున్నారు. నాకది చిన్న సంగతి కాదు. ప్రసాదం ఎంత కళ్లకద్దుకున్నా సరే, ఇన్‌హేలర్ మానక్కర్లేదు.

మశూచికి మనవాళ్లు పెట్టిన పేరే అమ్మవారు. ఊరూరా పోచమ్మ. ఒంటి మీద పొక్కులు లేస్తే ‘అమ్మవారు పోసింది’ అనేవారు. గుమ్మానికి వేపకొమ్మ కట్టేవారు, ఇంట్లో పోపు వేసేవారు కాదు, బయటివాళ్లను రానిచ్చేవారు కాదు. 1975లో దేశంలో చివరి మశూచి కేసు. 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. దాన్ని తరిమింది టీకా సూది, అందులో అనుమానం లేదు. రోగం పోయి ఇన్నేళ్లయినా పోచమ్మ గుడి మాత్రం పోలేదు. మా వీధిలో ఈమధ్యనే టైల్స్ కూడా వేశారు. మరి రోగం కోసమే పుట్టిన దేవత అయితే రోగంతోపాటే వెళ్లిపోవాలి కదా? ఆ గుడి చేసే పని ఇంకోటేదో ఉందన్నమాట. ఏడాదికోసారి ఆడపిల్లలు పుట్టింటికి వస్తారు. మాటల్లేని అన్నదమ్ములు ఒకే ఫలహారం బండి తోస్తారు. టీకా సూదికి ఆ పని రాదు, రావాల్సిన అవసరమూ లేదు.

సంతకం పెట్టనివాళ్లు

తార్నాక దగ్గరి సీసీఎంబీ పరిశోధన సంస్థకు పునాది వేసిన పుష్పమిత్ర భార్గవ ఈ రాజీని ఒప్పుకునేవాడు కాదు. 1964లో సతీశ్ ధావన్, అబ్దుర్ రహ్మాన్‌లతో కలిసి శాస్త్రీయ దృక్పథం కోసం ఒక సంఘం పెట్టాడు. అందులో చేరాలంటే ఒక ప్రమాణం మీద సంతకం పెట్టాలి: జ్ఞానం మానవ ప్రయత్నంతోనే వస్తుంది, దైవం చెబితే వచ్చేది కాదు అని. దేశంలో పేరున్న శాస్త్రవేత్తలు చాలామంది సంతకం పెట్టలేదని ఆయన జీవితమంతా చెబుతూనే ఉన్నాడు. శాస్త్రీయ దృక్పథం పౌరుడి విధి అని 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 51ఏ అధికరణం చేరింది. భార్గవ మాత్రం 2001లో విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సుల మీద కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2004లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. 

నాకు భార్గవ మొండితనం మీద గౌరవమే. కానీ సంతకం పెట్టనివాళ్లందరూ పిరికివాళ్లని అనలేను. ఇస్రో వాళ్లు రాకెట్ నమూనా తిరుమలలో శ్రీవారి ముందు, సూళ్లూరుపేటలో చెంగాళమ్మ ముందు పెడతారని ఏటా విమర్శ వస్తుంది. 1979 ఆగస్టులో తొలి ఎస్ఎల్‌వీ-3 సముద్రంలో కూలినప్పుడు విచారణలో తేలింది రెండో దశలో ఒక వాల్వు లోపం. ముహూర్తం లోపం కాదు. వాల్వు సరిచేసుకుని 1980 జూలైలో మళ్లీ ఎగరేశారు. కొబ్బరికాయ వాల్వు పని చెయ్యనంత కాలం నాకు కొబ్బరికాయతో పేచీ లేదు.

మతం గుమ్మం నుంచి సైన్సులోకి వచ్చినవాళ్లూ ఉన్నారు. భీమవరం కుర్రాడు యల్లాప్రగడ సుబ్బారావు సన్యాసం పుచ్చుకుందామని రామకృష్ణ మిషన్ గుమ్మం తొక్కాడు. ముందు వైద్యం చదువుకో అని చెప్పి పంపింది ఆ మిషన్ వాళ్లే. ఆయన సోదరులిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు మింగింది. తర్వాత అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. బోదకాలుకు హెట్రజాన్ కూడా అక్కడిదే. డీఈసీ మాత్ర అని ఆరోగ్య కార్యకర్తలు మన ఇంటి ముందుకొచ్చి మింగించేది అదే. బోదకాలు క్రిమి దోమలో పెరుగుతుందని 1877లో చైనాలో కనిపెట్టింది ఎవరనుకున్నారు, రాస్ గురువు మాన్సనే. సన్యాసం పోయిందని సుబ్బారావు బాధపడ్డాడో లేదో గానీ, సేవ మాత్రం పోలేదు.

ప్లేట్‌లెట్ల భయం

ఇంత రాసిన నాకు నా ఇంట్లో ఏమైందో చెప్పకపోతే అన్యాయం. కొన్నేళ్ల కింద, బోనాలు అయిన మూడు వారాలకు అమ్మకు జ్వరం వచ్చింది. డెంగీ. మేం తీసుకెళ్లిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కౌంటర్ దగ్గరే భయం మొదలైంది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, వెంటనే ఎక్కించాలి, అడ్వాన్సు కట్టండి. ఎందుకు ఎక్కించాలి అని అడిగితే ‘మేం డాక్టర్లం’ అన్నారు. ఆ గొంతు నేను ఎక్కడో విన్నాను. తాయెత్తు కట్టేవాడూ అలాగే అంటాడు. ఇంకోపక్క బంధువులు ‘సైంటిఫిగ్గా ప్రూవ్ అయింది’ అంటూ బొప్పాయి ఆకు రసం పట్టుకొచ్చారు. ఆ రెండు రోజుల్లో నాకు అర్థమైంది, సైన్సు అనే మాట కూడా జపమాలలా తిప్పొచ్చునని.

చివరికి సర్కారు దవాఖానాలో ఒక పీజీ అమ్మాయి, నిద్రలేని కళ్లతో, రిపోర్టు చూసి తాపీగా చెప్పింది. నెత్తురు కారట్లేదు, ప్లేట్‌లెట్లు ఇప్పుడే అక్కర్లేదు, నీళ్లు బాగా తాగించండి, పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర వద్దు, కడుపునొప్పి గానీ మత్తు గానీ కనిపిస్తే వెంటనే రండి. ‘రేపటికి నా మాట మారొచ్చు, మళ్లీ చూపించండి’ అని కూడా అంది. నా జన్మలో నేను విన్న అతి నిజాయతీ అయిన వైద్య వాక్యం అదే. అమ్మ బతికింది.

ఇంటికొచ్చాక అమ్మ అన్నమాట: “తల్లికి మొక్కిన బిడ్డా, వచ్చే ఏడు తొట్టెలు కడ్త.”

“నిన్ను బతికించింది ఆ డాక్టరమ్మ” అన్నాను.

“ఆమెకు గూడ మొక్కిన. ఆమె మంచిగుండాల్నని. రాత్రంత నిద్రలేకపాయె పిల్లకు.”

నా దగ్గర జవాబు లేదు. తొట్టెలు నేనే మోశాను.

అయితే అమ్మతో నాకున్న పేచీ అక్కడ తీరిపోలేదు. మా బంధువుల్లో ఒకాయన పసిరికలకు ఆకుపసరు వేయించుకుంటూ పది రోజులు ఆగి, ఆసుపత్రికి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆ పది రోజులూ ఇంట్లో అందరూ మొక్కుతూనే ఉన్నారు. ‘రెండూ మంచివే, రెండూ సమానమే’ అని ఎవరైనా తీయగా చెబితే నాకు ఆ పది రోజులు గుర్తొస్తాయి. ఒంటికి వచ్చిన జబ్బు దగ్గర రెండూ సమానం కావు. ముందు వెళ్లాల్సింది డాక్టర్ దగ్గరికి.

2020 ఆషాఢంలో ఈ ఊరు ఆ వరసను పాటించి చూపించింది. ముషీరాబాద్‌లో గాంధీ ఆసుపత్రి పూర్తిగా కోవిడ్ ఆసుపత్రి అయిపోయింది. మహంకాళి గుడిలో జాతర భక్తులు లేకుండా పూజారులతోనే సాగింది. రెండు వందల ఏళ్ల కింద రోగం పేరు మీద మొదలైన పండగ, రోగం కోసమే తలుపులు మూసుకుంది. బోనాలు ఇళ్లలోనే వండుకున్నారు. అమ్మ మా డాబా మీద కుండ దించి, గుడి వైపు తిరిగి దండం పెట్టి, మాస్కు సర్దుకుని కిందికి దిగింది. అప్పయ్య చూస్తే ఒప్పుకునేవాడనే అనుకుంటాను. మొక్కు చెల్లించుకోవడానికి రెండేళ్లు ఆగినవాడు, ఒక ఏడు గుమ్మంలోనే చెల్లించుకోవడానికి కాదంటాడా?

బేగంపేటలో రాస్ పనిచేసిన భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి పరాన్నజీవి శాస్త్ర సంస్థ. పేరు సర్ రొనాల్డ్ రాస్ ఇన్‌స్టిట్యూట్. ఆగస్టు 20ని ప్రపంచమంతా దోమల దినంగా జరుపుకుంటుంది. ఆ రోజు అక్కడ చూసిన జనాన్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లష్కర్ బోనాలకు వచ్చిన జనంలో వందోవంతు అటు తిరిగినా ఆ ప్రాంగణం పట్టదు.

డెంగీ దోమ మురుక్కాలువలో పుట్టదు, మన ఇంట్లో మంచినీళ్లలోనే పుడుతుంది. గుడ్డు దోమ కావడానికి సుమారు వారం పది రోజులు చాలు. అందుకే 2020లో మున్సిపాలిటీ వాళ్లు ప్రతి ఆదివారం పదింటికి పది నిమిషాలు ఇంట్లో నిల్వ నీళ్లు పారబోయమన్నారు. రెండు వారాలు చేసి మనమంతా మానేశాం. కారణం తెలియక మానలేదు. శనివారం ఉపవాసం తప్పని ఇళ్లలో కూడా ఈ పది నిమిషాలు తప్పుతున్నాయి. లేవండి, కూలర్ ట్రే, పూలకుండీ కింది పళ్లెం, డాబా మీద పాత టైరు, ఫ్రిజ్ వెనక డబ్బా చూసి నీళ్లు పారబోయండి. వచ్చే ఆదివారం కూడా పారబోస్తేనే మొక్కు చెల్లించినట్టు.